ముల్లు చెప్పే మాట

పాత బుల్లెట్ ఆగిపోతే ఇప్పటి కుర్ర మెకానిక్ ముందు స్పానర్ తీస్తాడు. పాల్వంచలో నేనెరిగిన మేస్త్రీ మాత్రం తాళం తిప్పి, హెడ్‌లైటు మీదున్న ఆంపియర్ ముల్లు చూసేవాడు.

కిక్కు మెల్లగా తొక్కుతుంటే ముల్లు మైనస్ వైపు వాలి, మళ్లీ మధ్యకు రావాలి. వాలితే కాయిల్ కరెంటును కలిపి విడదీసే పాయింట్లు మూసుకున్నట్టు, మధ్యకొస్తే విడినట్టు. అసలు కదలలేదా, పాయింట్లకు మసి పట్టింది, లేదా వైరెక్కడో తెగింది. వాలింది వాలినట్టే ఉండిపోయిందా, పాయింట్లు విడటం లేదు, లేదా కండెన్సర్ షార్టయింది. ఒక్క నట్టు విప్పకుండానే సగం రోగం తేలిపోయేది! అరగంట నడిచి ఆగి, చల్లారాక మళ్లీ అందుకునే బండైతే కాయిల్ మీద చెయ్యేసి చూసేవాడు.

పాయింట్ల సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. టైమింగుకు ఆయన పనిముట్టు సిగరెట్ కాయితం. పాయింట్ల మధ్య పెట్టి ఇంజను తిప్పితే, కాయితం జారిన క్షణమే స్పార్కు పడే క్షణం.

1950లలో మద్రాసులో తయారీ మొదలైన బండి ఇది. 1965లో భద్రాచలం వంతెన వచ్చాక మన అడవిదారిలో దీని చప్పుడే చప్పుడని పెద్దలనేవారు.

ఓ ఆషాఢం రాత్రి మొండికుంట అడవిలో నా బండి ఆగింది. వెనక కూర్చున్న మేస్త్రీ దిగి, "టార్చి ఆర్పు బాబూ" అన్నాడు. ఆ చీకట్లో ఉన్న ఒక్క వెలుగూ ఆర్పమంటాడేమిటని ఒళ్లు మండింది. నన్ను డీకంప్రెషర్ పట్టుకోమని, పాయింట్ల మూత తీసి, కిక్కు చేత్తో నొక్కాడు. పాయింట్ల దగ్గర ఆవగింజంత మెరవాల్సిన నిప్పు బఠాణీగింజంత లేచింది. "కండెన్సర్ పోయింది." పాయింట్లు విడేటప్పుడు అక్కడ నిప్పు లేవకుండా ఆపేది అదే. అది పోతే ప్లగ్గుకు చేరాల్సిన బలం పాయింట్ల దగ్గరే కాలిపోతుంది. సంచిలోంచి పాత అంబాసిడర్ కండెన్సర్ తీసి, వైరు కలిపి, ఇంజనుకు ఎర్తు తగిలేలా కట్టాడు. రెండో కిక్కుకు బండి అందుకుంది. భద్రాచలం వెళ్లి ఖమ్మం తిరిగొచ్చేదాకా ఆ కండెన్సరే లాగింది.

ఇప్పుడు కొట్లో దొరికే డూప్లికేటు సామాను చూస్తే కడుపు మండుతుంది. క్యామ్ మీద రాసుకునే ఫైబర్ ముక్క వారానికే అరిగి, పాయింట్ల సందు మూసుకుపోతుంది. తప్పు సామానుది, నింద బండికి! పైగా "ఎలక్ట్రానిక్ డబ్బా బిగించేద్దాం" అని సలహా. బాగానే నడుస్తుంది, ఒప్పుకుంటాను. చర్ల అడవిదారిలో అది పోతే? గీకడానికి పాయింట్లుండవు, మార్చడానికి కండెన్సరుండదు. లారీ ఎక్కించుకోవాల్సిందే.

పాత బుల్లెట్ ఉన్నవాళ్లకు నాదొకటే మనవి. ఒక మంచి కండెన్సర్, ఒక జత అసలు పాయింట్లు టూల్‌బాక్సులో పడేసుకోండి. ఈసారి మేస్త్రీ దగ్గర బండి వదిలేసి టీకి వెళ్లకండి. పక్కనే కూర్చుని ముల్లు చూడటం నేర్చుకోండి.