గ్రంథపాతంలో దొరికిన కాలవిలంబం: జంట క్వేజార్ వివాదంపై ఒక విమర్శ

ఒకే సంకేతం రెండు దారుల్లో, రెండు వేళల్లో చేరినప్పుడు వాటి మధ్య కాలవిలంబాన్ని నిర్ణయించడం సూత్రరీత్యా సులభం. ఒకదానిని కాలరేఖపై జరుపుతూ, రెండూ అత్యధికంగా ఏకీభవించే చోటును గుర్తిస్తే చాలు. రొద కలిసినప్పుడు మాత్రం ఏకీభావం పలుచోట్ల కనిపిస్తుంది. వాటిలో యాదృచ్ఛికమైనదాన్ని యథార్థమని భ్రమించే ప్రమాదం ఎంతటిదో జంట క్వేజార్ వివాదం చూపింది.

1979లో గుర్తించిన ఈ జంట (క్యూ 0957+561) నిజానికి ఒకే క్వేజార్. మధ్యనున్న గెలాక్సీ గురుత్వాకర్షణ వల్ల అది ఏ, బి అనే రెండు ప్రతిబింబాలుగా కనిపిస్తుంది. ఏ వెలుగులో వచ్చిన మార్పు బి లో ఆలస్యంగా ప్రత్యక్షమవుతుంది. ఇటువంటి ఆలస్యం తెలిస్తే విశ్వవ్యాకోచ రేటును లెక్కించవచ్చునని రెఫ్స్‌డాల్ 1964లోనే ప్రతిపాదించాడు. వాండరీస్ట్ బృందం 1989లో దానిని 415 రోజులుగా నిర్ణయించింది. ప్రెస్, రిబికి, హ్యూయిట్ 1992లో అవే కొలతలను మరొక గణాంక పద్ధతితో పరిశీలించి 536 రోజులన్నారు. గెలాక్సీ నమూనాను మార్చకుండా ఈ రెండవ విలువను స్వీకరిస్తే వ్యాకోచ రేటు సుమారు 23 శాతం తగ్గుతుంది.

కొలతలు ఒకటే అయినప్పుడు తీర్పులు రెండెందుకయ్యాయి? ఏటా కొన్ని నెలలు ఈ క్వేజార్‌ను పరిశీలించడం కుదరదు. 536 రోజులంటే దాదాపు ఏడాదిన్నర. అంత దూరం జరిపితే ఒక ప్రతిబింబపు కొలతలు చాలావరకు రెండవదాని ఖాళీలపై పడతాయి. అప్పుడు పోలిక కొలతకూ కొలతకూ మధ్య కాదు, కొలతకూ ఊహించి పూరించిన విలువకూ మధ్య జరుగుతుంది. పాఠపరిష్కరణ తెలిసినవారికి ఈ చిక్కు పరిచితమే. ఒకే మాతృకకు చెందిన రెండు తాళపత్ర ప్రతులలో ఒకదాని గ్రంథపాతాన్ని పరిష్కర్త తానే పూరించి, ఆ పూరణ రెండవ ప్రతితో సరిపోయిందని చూపితే అది ప్రమాణం కాజాలదు. 1992 నాటి గణితాన్ని తప్పుపట్టనక్కరలేదు. ఆక్షేపించవలసినది దానితోపాటు ప్రకటించిన, రెండు వారాలకు మించని దోషపరిమితిని. అది నమూనా లోపలి అనిశ్చితినే కొలిచింది. నమూనాయే తప్పయ్యే అవకాశాన్ని లెక్కలోకి తీసుకోలేదు. పూరణను ఆశ్రయించక, దగ్గరి కొలతలనే జతపరచిన పెల్ట్ బృందం 1996లో 423 రోజులకు చేరడం ఇక్కడ గమనార్హం.

వివాదాన్ని తేల్చింది పద్ధతుల మధ్య వాదం కాదు. 1994 డిసెంబరులో ఏ వెలుగు హఠాత్తుగా పడిపోవడాన్ని కుండిచ్ బృందం న్యూమెక్సికోలోని అపాచీ పాయింట్ వేధశాల నుంచి నమోదు చేసింది. నెమ్మదైన హెచ్చుతగ్గుల వలె ఇటువంటి మార్పు పలుచోట్ల అతకదు. విలంబం చిన్నదైతే 1996 ఫిబ్రవరిలో, పెద్దదైతే జూన్‌లో బి కూడా మసకబారాలని ఆ బృందం ముందే ప్రకటించింది. బి ఫిబ్రవరిలోనే మసకబారింది. 1997లో ప్రకటించిన విలువ 417 రోజులు, మూడు రోజులు అటూఇటూగా.