బొద్దుగా ఉన్న పొట్ట

ఇంటికి కొత్తగా కుక్కపిల్ల వచ్చిందంటే చూడవచ్చిన వాళ్లంతా ముందు దాని పొట్టే నిమురుతారు. ఎంత బొద్దుగా ఉందో అని మురిసిపోతారు. నా చెయ్యి మాత్రం పక్కటెముకల మీదికి పోతుంది. ఎముకలు వేళ్లకు తగులుతూ, పొట్ట ఒక్కటే బిగుసుకుని ఉబ్బి ఉంటే అది తిన్న తిండి పుష్టి కాదు, కడుపులో పురుగులు. బొచ్చులో నిగారింపు ఉండదు, ఎంత పెట్టినా ఒళ్లు చేయదు. చిగుళ్లు కూడా పాలిపోయి ఉంటే ఆ పూటే డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. ఆ పురుగుల్లో కొంకిపురుగులు పేగు గోడను కరిచి పట్టుకుని రక్తం తాగుతాయి. పసికూనల ప్రాణమే తీస్తాయి.

"మా ఇల్లు శుభ్రంగా ఉంటుంది, మట్టి ముట్టనివ్వం, దీనికి పురుగులెందుకుంటాయి?" అని చాలామంది అడుగుతారు. ఏలికపాములు పిల్ల పుట్టకముందే దాని ఒంట్లో చేరతాయి. తల్లి కండరాల్లో ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉన్న లార్వాలు, అది చూలుతో ఉన్న చివరి వారాల్లో మేల్కొని మాయ దాటి కడుపులోని పిల్లలకు చేరతాయి. తర్వాత పాల ద్వారా మరికొన్ని వస్తాయి. మూడు వారాల కూన పేగుల్లోనే పెద్ద పురుగులు గుడ్లు పెడుతుంటాయి. వేలు పోసి కొన్న లాబ్రడార్‌కైనా, వీధి చివర పుట్టిన నాటు పిల్లకైనా ఇదే వరస.

అందుకే లక్షణాలు కనిపించేదాకా ఆగకూడదంటాను. 2015లో మొదలైన జాతీయ నులిపురుగుల నిర్మూలన కార్యక్రమంలో బడుల్లో, అంగన్‌వాడీల్లో పిల్లలందరికీ పరీక్ష చేయకుండానే ఆల్బెండజోల్ మాత్ర ఇస్తున్నారు కదా. కుక్కపిల్లల విషయంలోనూ పశువైద్యుల పద్ధతి అదే. రెండు వారాల వయసులో మొదలుపెట్టి, పాలు మరిచేదాకా పదిహేను రోజులకోసారి, ఆ తర్వాత ఆరు నెలల వయసు వచ్చేదాకా నెలకోసారి మందు వేయమంటారు.

ఇన్నిసార్లు ఎందుకంటే, మందు ప్రధానంగా పేగుల్లో ఉన్న పురుగుల మీదే పనిచేస్తుంది. లార్వాలు అప్పటికింకా కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో ఉంటాయి. అక్కణ్నుంచి గొంతులోకి ఎక్కి, దగ్గుతో పైకొచ్చి, పిల్ల మింగితే మళ్లీ పేగుల్లో దిగి పెద్దవవుతాయి. మొదటి మోతాదు తప్పించుకున్న ఈ గుంపును పట్టుకునేది రెండోది. చాలా ఇళ్లలో ఎగ్గొట్టేదీ ఆ రెండోదే. మొదటిసారి మందు వేశాక విరేచనంలో ఉడికిన సేమియాలాంటి పురుగులు పడతాయి, ఇంట్లోవాళ్లు హడలిపోతారు, ఇక పీడ పోయిందనుకుంటారు. పోలేదు. అసలేమీ పడకపోయినా పురుగులు లేవని చెప్పలేం, కొన్ని అరిగిపోయి బయటకొస్తాయి.

మోతాదు దగ్గర నేను పట్టుదలగా ఉంటాను. ప్రతిసారీ పిల్లను తూచాల్సిందే. వంటింటి కాటా మీద బేసిన్ పెట్టి అందులో కూర్చోబెడితే చాలు. ఆ వయసులో బరువు వారం వారం మారుతుంది, కిందటిసారి కొలత ఈసారికి చాలదు. పది కిలోలకు ఒకటి చొప్పున తయారైన మాత్రను రెండు కిలోల కూన కోసం గోటితో గిల్లి అందాజుగా వేసేవాళ్లను చూశాను. దానికన్నా కుక్కపిల్లల కోసమే వచ్చే పైరాంటెల్ సిరప్‌ను సిరంజితో కొలిచి పోయడం మేలు. గొర్రెలకు తాగించగా మిగిలిన నట్టల మందు కుక్కకు పోయకండి. వెల్లుల్లి వైద్యం అసలే వద్దు, వెల్లుల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది. ఇప్పటికే రక్తం పోతున్న పిల్లకు అది రెండో దెబ్బ.

తోక కింద బియ్యపు గింజంత తెల్లటి ముక్కలు కదులుతుంటే అవి బద్దెపురుగువి. గోమార్ల ద్వారా వస్తాయి కాబట్టి గోమార్లు పోకుండా అవీ పోవు. వాంతులతో పాటు నెత్తుటి విరేచనాలైతే పురుగులేనని ఇంట్లో కూర్చోకండి, అది పార్వో వైరస్ జబ్బు కావచ్చు.

ఇంట్లో పసిపిల్లలుంటే ఈ శ్రద్ధ రెట్టింపు కావాలి. ఏలికపాము గుడ్లు పిల్లల నోట్లోకి పోతే లార్వాలు కాలేయానికీ, ఒక్కోసారి కంటికీ చేరి చూపు దెబ్బతీయగలవు. అయితే అప్పుడే పడిన గుడ్డు ఎవరికీ ఏమీ చేయదు. అది మట్టిలో రెండు మూడు వారాలు ముదిరితేనే ప్రమాదం. కొంకిపురుగుల లార్వాలకైతే వారం చాలు, వట్టి కాళ్లకు అంటుకుని చర్మంలోకి దూరతాయి. అందుకని కుక్క మలాన్ని ఏ రోజుది ఆ రోజు ఎత్తేయాలి. ఏలికపాము గుడ్లు ఫినాయిల్‌కు చావవు, మట్టిలో ఏళ్లపాటు బతుకుతాయి. కుక్కను వదిలించుకోనక్కర్లేదు. దాని మలం ఎత్తేసి, పిల్లల చేతులు సబ్బుతో కడిగిస్తే చాలు.

ఇంకొక్క మాట. కూనను తెచ్చుకున్న చోట తల్లి, మిగతా పిల్లలు ఇంకా ఉంటే వాటినీ పట్టించుకోండి. పాలిచ్చే తల్లికీ పిల్లలతో పాటే మందు పడాలి. రేపు డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మీ కుక్కపిల్ల మందుతో పాటు దాని తల్లికి ఎంత వేయాలో కూడా అడిగి తెచ్చుకోండి.