సుగ్గి నుంచి తిరిగొచ్చిన డోలు

శ్రావణమాసం వచ్చిందంటే ఉరుకుంద ఈరన్న స్వామి గుడికి ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకల నుంచి జనం పోటెత్తుతారు. అంత సందడిలోనూ నా చెవి ముందు డోలు వైపే పోతుంది. ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో దాన్ని భుజానికెత్తుకునేవాళ్లలో మీసాలు రాని పిల్లలూ ఉంటారు.

డోలు వాయించడాన్ని దగ్గరగా నిలబడి చూడాలి. ఒక వైపు కట్టె దెబ్బ, రెండో వైపు అరచేయి. కట్టె నడక పట్టుకుంటే, మధ్య ఖాళీలను అరచేయి నింపుతుంది. తుంపర పడి తోలు మెత్తబడితే మోత మందగిస్తుంది. కుర్రాడు ఆగి, తాళ్లు ఒక్కొక్కటే బిగించి, వేలితో తట్టి విని, మళ్లీ బిగిస్తాడు. ఎంత నికార్సైన చెవి!

ఈ పల్లెలది వానను నమ్ముకున్న నేల. వాన మొహం చాటేస్తే పత్తి ఏరడానికి, మిరపకాయలు కోయడానికి కుటుంబాలు గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతాయి. పిల్లల చదువు సగంలో ఆగుతుంది, సాధనా అంతే. తిరిగొచ్చాక డోలు దించి దుమ్ము దులిపే పిల్లలంటే నాకెంతో గౌరవం.

కష్టాల మధ్య సాధన అంటే గాయకుడు ఘంటసాల గుర్తొస్తారు. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్న ఆయన విజయనగరంలో మధుకరం (ఇంటింటి భిక్ష) ఎత్తుకుని సంగీతం నేర్చారు. ఆయన్ను చేరదీసి పాఠం చెప్పడానికి పట్రాయని సీతారామశాస్త్రి ఉన్నారు. ఈ డోలు పిల్లలకు మాత్రం గురువు సొంత తాతో, పక్కింటి మామో. జాతరలో వచ్చే డబ్బు జట్టంతా పంచుకోవాలి, చిరిగిన తోలు అందులోంచే మార్పించుకోవాలి. డోలును పిలిచే ఊరి పెద్దలు ఆ ఖర్చునూ కలిపి ఇవ్వాలి, బేరమాడకుండా.