‘సేకరణ’ చెప్పని బలవంతం: భూసేకరణ పరిభాషపై ఒక పరిశీలన

యజమాని అంగీకారంతో నిమిత్తం లేకుండా ప్రజాప్రయోజనం కోసం అతని భూమిని తీసుకోగల రాజ్యాధికారాన్ని హ్యూగో గ్రోషియస్ 1625లో ‘డొమినియం ఎమినెన్స్’ అన్నాడు. ఇంగ్లీషులోని ఎమినెంట్ డొమైన్ దాని రూపాంతరమే. పౌరుని స్వామ్యానికి పైన రాజ్యానిది మరొక స్వామ్యం ఉన్నదని ఆ మాట దాపరికం లేకుండా చెబుతుంది. మన దేశంలో 1894 చట్టం దానికి ‘అక్విజిషన్’ అనే మెత్తని పేరు పెట్టింది. తెలుగు పాలనాభాష దానిని ‘సేకరణ’ చేసి మరింత మెత్తబరచింది.

జానపద గేయాల సేకరణ, తాళపత్రాల సేకరణ, విరాళాల సేకరణ: ఇవి మన శాఖల్లో నిత్యం వినిపించే ప్రయోగాలు. చెదరి ఉన్నదానిని ఒకచోట చేర్చడం ఇక్కడి అర్థం. ఇచ్చేవారు ఇష్టపడి ఇస్తారన్న భావం అందులో ఇమిడి ఉంది. కన్నడంలో ఇదే ప్రక్రియ ‘భూస్వాధీన’. తమిళంలో ‘కైయగప్పడుత్తుదల్’, అనగా చేతిలోకి తెచ్చుకోవడం. ఆ రెండింటిలోనూ తీసుకునే చెయ్యి కనబడుతుంది. ధాన్య సేకరణలో లెవీ నిర్బంధం ఉండేది కదా అని ఎవరైనా ఆక్షేపించవచ్చు. ఆక్షేపణ సబబైనదే. అయితే ధాన్యం మరుసటి పంటకు మళ్ళీ వస్తుంది.

విశేషమేమిటంటే, బలవంతాన్ని 1894 చట్టమే ఒప్పుకొన్నది. 23(2) సెక్షను మార్కెట్ విలువపై అదనంగా 15 శాతం ఇమ్మన్నది. అందుకు కారణం సేకరణలోని నిర్బంధ స్వభావమేనని స్పష్టంగా రాసింది. 1984 సవరణ దానిని 30 శాతం చేసింది. దాని పేరు ‘సొలేషియం’, లాటిన్‌లో ఓదార్పు. 2013 చట్టం 30వ సెక్షను దానిని పరిహారంతో సమానంగా, నూరు శాతానికి పెంచింది. కాని నిర్బంధమన్న కారణవాక్యం ఆ సెక్షనులో లేదు. ఓదార్పు పెరిగింది, దేనికి ఓదార్పో చెప్పడం మానేశారు.

ఇక రైతు మాట వేరు. ‘మా రెండెకరాలు కాలవకు పోయినాయి’, ‘ఊరు ముంపులో పోయింది’ అంటాడు. ఈ వాక్యాల్లో కర్త భూమి లేదా ఊరు. తీసుకున్నవారి ప్రస్తావన లేదు. ఆఫీసు భాషలో పోగొట్టుకున్నవాడు మాయమైతే, ఊరి భాషలో తీసుకున్నవాడు మాయమవుతాడు. అయినా రెంటిలో రాజ్యాంగానికి దగ్గరగా ఉన్నది రైతు మాటే. 1978 నాటి 44వ సవరణ ఆస్తిని ప్రాథమిక హక్కుల నుండి తొలగించి 300-ఎ అధికరణం చేర్చింది. చట్టాధికారం లేకుండా ఎవరూ ఆస్తిని పోగొట్టుకొనే స్థితి కలిగించరాదన్నది దాని సారం. అక్కడున్నది చేర్చడం కాదు, పోవడమే.

అమరావతిలో 2015 నుండి మరొక మాట ప్రచారంలోకి వచ్చింది: ‘భూసమీకరణ’. ఇది స్వచ్ఛందం, భూమి ఇచ్చినవారికి అభివృద్ధి చేసిన ప్లాట్లు, పదేళ్ళపాటు కౌలు. మెట్టకు ఎకరానికి ఏటా 30,000 రూపాయలు, జరీబుకు 50,000 రూపాయలతో మొదలై ఏటేటా పెరిగే ఏర్పాటు. కొన్ని గ్రామాల్లో సమీకరణకు రానివారి భూములకు సేకరణ నోటిఫికేషన్లు వెలువడ్డాయి. అంటే మొదటి మాటలోని ఇష్టానికి వెనుక రెండో మాటలోని నిర్బంధం నిలబడి ఉన్నది. రెండు మాటలూ ఒకే ధాతువు నుండి పుట్టినట్లు వినిపించడం వల్ల ఈ తేడా చెవికి ఆనదు. ఎంచుకొనే సందర్భంలో రైతుకు అక్కరకు రావలసింది ఆ తేడానే.

ఇది కేవలం నిఘంటు చర్చ కాదు. 2013 చట్టం 11వ సెక్షను ప్రకారం ప్రాథమిక నోటిఫికేషన్ రెండు దినపత్రికల్లో, అందులో ఒకటి ప్రాంతీయ భాషలో, రావాలి. ఆ తేదీ నుండి అభ్యంతరం చెప్పుకోవడానికి 15వ సెక్షను ఇచ్చిన గడువు 60 రోజులు. ఆ ప్రకటన చదివే రైతుకు తాను అడ్డుచెప్పగల ఒక నిర్బంధ చర్య మొదలైందని మొదటి పదమే తెలపాలి. ‘నిర్బంధ విద్య’ అని సంకోచం లేకుండా రాస్తున్నవాళ్ళం ‘నిర్బంధ భూసేకరణ’ అని రాయడానికి వెనుకాడవలసిన భాషాకారణం నాకు కనబడలేదు.