వేసవి పున్నమి ఛాయాచిత్రములు: ఒక పరిశీలన

వేసవి పున్నమి వచ్చినపుడెల్ల పత్రికలలో తఱచు ఒకే తీరు చిత్రము కానవచ్చును. గోపురము వెనుక గోపురమంత చంద్రబింబము. చుట్టును నిర్మలమైన నల్లని ఆకాశము. చిత్రము కంటికి ఇంపుగనే ఉండును. కాని అది ఆనాటి ఆకాశమేనా యని ప్రశ్నించుట విమర్శకుని మొదటి విధి.

పున్నమి చంద్రుడు ఇంచుమించు సూర్యాస్తమయ వేళకు ఉదయించును. తెలుగునాట చైత్రము మొదలు జ్యేష్ఠము వరకు, పగటి ఎండకు కాగిన నేలపై గాలి వేడెక్కి, సముద్రమునుండి వచ్చిన తేమతో పైకి లేచి, తఱచు ఆ సాయంకాలపు వేళకే ఉరుము మేఘములను పేర్చును. మేఘము లేనినాడు దుమ్ము తెర యుండును. దానిగుండా వచ్చు వెలుగులో నీలిభాగము చెదరిపోవుటచే చంద్రుడు ఎఱ్ఱబారి కనిపించును. నిర్మలాకాశమునకై కాచుకొన్న ఛాయాగ్రాహకునకు పెక్కుసార్లు నిరాశయే మిగులును. వేరొక రాత్రి తీసిన చంద్రుని తెచ్చి అతికింపవలెనను ఆశ ఇచ్చటనే పుట్టును.

అతుకును పట్టుకొనుటకు హైస్కూలు గణితము చాలును. చంద్రబింబము ఆకాశమున సుమారు అర డిగ్రీ మాత్రమే ఆక్రమించును. కనుక ఏ వస్తువైనను తన ఎత్తునకు దాదాపు 110 రెట్ల దూరమున నున్నపుడే చంద్రునితో సమానముగా కనిపించును. 50 మీటర్ల గోపురమునకు ఆ దూరము 5½ కిలోమీటర్లు. 500 మీటర్ల దూరమునుండి తీసినచో, గోపురముపై కొలిచిన చంద్రుని వెడల్పు 4½ మీటర్లే యగును. ఏ కటకము వాడినను ఈ నిష్పత్తి మారదు. ఇక మేఘము చంద్రునికి వెనుకగా కనిపించినచో వేఱు సాక్ష్యము అక్కఱలేదు.

చిత్రకారుడు తన కళను చూపరాదని దీని భావము కాదు. అమెరికా ఛాయాచిత్రకారుడు ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ గ్రామముపై చంద్రోదయమును చిత్రించెను. పున్నమికి కొలది దినముల ముందటి చంద్రుడది. తరువాతి ప్రతులలో ఆకాశమును అతడు బాగుగా నల్లబఱచెను. తీసిన తేదీ అతనికే సరిగా జ్ఞాపకము లేదు. అయినను చంద్రుని స్థానమును మాత్రము కదలింపలేదు. అందుచేతనే అది 1941 నవంబరు 1వ తేదీ సాయంకాలము 4 గంటల 49 నిమిషములకు తీసినదని డెన్నిస్ డి చిక్కో 1991లో లెక్కకట్టి తేల్చగలిగెను. అతికించిన చంద్రునితో ఇట్టి లెక్క సాగదు. రెండు చిత్రములను కూర్చుట కూడ తప్పు కాదు. కూర్చినట్లు చెప్పకుండుటయే తప్పు.

పాఠశాల ప్రదర్శనలో చిత్రములను ఎంచు ఉపాధ్యాయులకు ఈ భేదము ముఖ్యము. పలుచని మేఘమున నీటి బిందువులు చంద్రుని ఆనుకొని రంగుల వలయమును కల్పించును. ఎత్తైన మేఘములలోని మంచు స్ఫటికములు 22 డిగ్రీల దూరమున వరదగుడిని కట్టును. ఇవి మబ్బు పట్టిన పున్నమి ఇచ్చు పాఠములు. తేదీ, వేళ, స్థలము, కటకము వ్రాసి, మబ్బు చాటు చంద్రుని ఉన్నది ఉన్నట్లు చూపిన విద్యార్థి చిత్రమునకే బహుమతి ఈయదగును.