జయపురపు కోట - దాని పరిచయ ఫలకము

సాలూరు నుండి సుంకి కనుమనెక్కి పొట్టంగి మీదుగా జయపురమునకు పోవు మన బంధువులలో రాజుగారి కోటను చూడక మరలివచ్చువారు అరుదు. కోట గుమ్మము, కనకదుర్గాలయము, పాతగోడలు కంటికి నిండుగానే యుండును. కాని కట్టడము తన కథను తాను చెప్పుకొనలేదు. ఆ పని పరిచయ ఫలకముది. సంస్థానముల భవనముల ముందు మన దేశమున నిలుపు ఫలకములలో పెక్కింటికి ఒకే దోషము కలదు. రాజు పేరు, సంవత్సరము, వంశప్రశస్తి, అంతటితో సరి. చిరకాలము దస్త్రములు వ్రాసినవాడను గనుక నాకవి జమ మాత్రమే వ్రాసి ఖర్చు వ్రాయని చిట్టాలవలె తోచును.

జయపురమునకు అట్టి చిట్టా చాలదు. 15వ శతాబ్దమున మన పొరుగుననున్న నందపురమున వెలసిన రాజ్యము 17వ శతాబ్దమున జయపురమునకు తరలెను. 1775లో కుంఫిణీ సేన అచ్చటి కోటను పడగొట్టెను. 1803 నాటి శాశ్వత పరిష్కారముతో ఆ రాజ్యము ఏటా 16,000 రూపాయల పేష్కషు చెల్లించు జమీ యయ్యెను. కావున నేడు కనబడు భవనమును ప్రాచీన దుర్గమని వర్ణించుట చెల్లదు. అది ఓడిన రాజ్యపు జమీందారీ నగరు. ఆ మాట వ్రాయుటలో అవమానమేమియు లేదు.

1936 ఏప్రిల్ 1 వరకు ఈ సీమ మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాకు చెందినది. నాడు ఒడిశా రాష్ట్ర మేర్పడగా పొట్టంగి, జయపురము, రాయగడ కోరాపుట్టు జిల్లాలో చేరెను. సాలూరు, పార్వతీపురము మద్రాసునందే నిలిచెను. మన కుటుంబములలో కొన్ని గడప దాటకయే పరరాష్ట్రవాసులైనవి. ఈ సంగతి ఎచ్చటను వ్రాసియుండనిచో మన మనుమలు తాము నిన్న మొన్న వచ్చిన వర్తకుల సంతతి యనియే తలంతురు.

ఇక విక్రమదేవవర్మ మహారాజుగారు (1869-1951). 1931లో గద్దెనెక్కిరి. ఒడియా యందును తెలుగు నందును కావ్యరచన చేసిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఏటేట లక్ష రూపాయలిచ్చిరి. విశాఖలోని విజ్ఞాన కళాశాల వారి పేరనే వెలసినది. మన సభలలో ఈ లక్షను స్మరింపని ఉపన్యాసము లేదు. అదే ప్రభువు ఈ సీమ ఒడిశాలో చేరవలెనని పాటుపడిన వారిలో ఒకరను మాట మాత్రము మన నోట రాదు. ఒడియా మిత్రుల సభలలో అదియే మొదటి మాట. తెలుగు లక్ష మరుగున పడును. అన్నదమ్ములు పొలము పంచుకొన్నట్లు ఒక మనిషిని పంచుకొనుట నాకు రుచింపదు. ఆయన రెండును మనసారా చేసిరి. ఫలకమున రెండును ఒకే వాక్యమున నుండవలెను.

మరి ఆ లక్ష యెక్కడిది? జమీ రాబడిలో కొండరైతుల చెమట కలదు. ఈ కొండలలో అప్పు తీరువరకు మనిషిని పాలేరుగా కట్టివేయు 'గోతి' పద్ధతి ఉండెడిది. ఒడిశా ప్రభుత్వము దానిని 1948లో నిషేధించెను. 1952లో జమీయే రద్దయ్యెను. దాతను కొనియాడు చోట ఈ పంక్తి అమంగళమని కొందరందురు. నేనట్లు తలంపను. చదువు చెప్పిన సొమ్ము ఎవరిదో చదువుకొన్నవారు తెలిసికొనవలదా?

భాష విషయమున వివాదమక్కరలేదు. ఒడియా పైన, తెలుగు క్రింద, అక్షరములు సమానము. ఎనిమిది పంక్తులలో ఇంత పట్టునా యని ఒక మిత్రుడడిగెను. వంశప్రశస్తి తీసివేసినచో పట్టును.