ఇంజను నూనె సిఫారసు – కొలత ఎంత, పేరు ఎంత?

వేసవి వచ్చిందంటే నూజివీడు తోటలలోని ట్రాక్టర్లకు విశ్రాంతి ఉండదు. చిన్నరసాలు, బంగినపల్లి కాయలు నింపిన ట్రక్కులను అవి మట్టి బాటలపై లాగవలసి ఉంటుంది. ఇంజను పట్టేస్తే కాయ చెట్టుకిందే మగ్గిపోతుంది. కనుక ఏ నూనె పోయవలెనన్నది చిన్న ప్రశ్న కాదు. దానికి జవాబు తయారీదారు ఇచ్చే చేతిపుస్తకంలో ఉంటుంది. సామాన్యంగా ఆ పేజీలో కనిపించేవి రెండు: ఒకటి కొలత, మరొకటి వ్యాపారనామం. ఈ రెండింటికీ సమాన గౌరవం చెల్లదు.

కొలతను చూడండి. "15డబ్ల్యు-40" అనేది స్నిగ్ధతను, అనగా ప్రవాహానికి ద్రవం చూపే నిరోధాన్ని తెలుపుతుంది. అమెరికా ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం వర్గీకరణ ప్రకారం 40వ తరగతి నూనె స్నిగ్ధత 100° సెంటిగ్రేడు వద్ద 12.5 సెంటీస్టోకులకు తగ్గక, 16.3కు లోబడి ఉండవలె. 'డబ్ల్యు' చలికాలపు గుర్తు. 15డబ్ల్యు నూనెను సున్నకు దిగువ 20° వద్ద పరీక్షిస్తారు. అంత చలి ఎరుగని నూజివీడులో ముఖ్యంగా గమనించదగినది రెండవ సంఖ్య.

"సిఐ-4" అన్నది అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ 2002లో ప్రవేశపెట్టిన డీజిల్ నూనెల తరగతి. ఆ నూనెతో ఇంజన్లను నిర్ణీత గంటలు నడిపి, విప్పి, పిస్టన్లపై పేరుకొన్న మడ్డిని, భాగాల అరుగుదలను కొలుస్తారు. తయారీదారు తన ఇంజను వేడిమిని, బేరింగుల సందును, ఇంధనంలోని గంధకాన్ని చూచి తగిన తరగతిని ఎన్నుకొంటాడు. పొగగొట్టంలో మసి వడపోత ఉన్న బండికి బూడిద తక్కువ మిగిల్చే నూనె కావలె. ఇంతవరకు ఇది శాస్త్రమే. తయారీదారు ప్రత్యేక ఆమోదసంఖ్య నిర్దేశిస్తే దానినీ పాటించవలసినదే.

"మా పేరుగల డబ్బాయే వాడండి" అన్న వాక్యం అట్టిది కాదు. కారణం చెప్పని సిఫారసు ప్రకటనే అవుతుంది. నూనె ఉచితంగా ఇస్తే తప్ప, ఫలానా పేరుగల నూనె వాడితేనే హామీ చెల్లునని సామాన్యంగా షరతు పెట్టరాదని అమెరికా 1975లోనే చట్టం చేసింది.

కొలతకూ పరిమితి ఉన్నది. పరీక్షాశాలలోని ఇంజను తోటబాట దుమ్మును పీల్చదు. దుమ్ములో నూనెను ముందుగా మార్చవలెనన్న హెచ్చరిక చిన్న అక్షరాలలో, అదీ ఆంగ్లంలో, దాగి ఉండటం తగదు. తెలుగు రైతుకు అమ్మిన యంత్రానికి తెలుగులోనే తరగతి, కారణం, మార్చవలసిన గంటలు చెప్పటం న్యాయం.

రెండు గాజుగొట్టాలలో చల్లని నూనె, వేడినీటిలో ఉంచిన నూనె పోసి, సైకిలు బాల్సు జారవిడిస్తే స్నిగ్ధత అంటే ఏమిటో విద్యార్థి కంటితో చూస్తాడు. అటుపై ఇంటిలోని నూనె డబ్బాను అతడే చదవగలడు.